రెండేళ్ళు నిండబోతున్న పాపతో, అత్తమామలతో విమానంలో డిస్నీ వరల్డ్‌కు: సలహాలు కావాలి

గుంటూరు కోడలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు, సంక్రాంతి లోపల తిరిగి వెళ్ళిపోతారు. వారు ఇక్కడ ఉండగానే ఐదుగురమూ కలిసి ఓర్లాండోలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ చూసి రావాలని మావారూ నేనూ అనుకుంటున్నాము. రెండేళ్ళ లోపు పిల్లలకు విమానంలో టికెట్టు అక్కర్లేదని, మూడేళ్ళ లోపు పిల్లలకు డిస్నీ పార్కుల్లో కూడా టికెట్టు అక్కర్లేదని తెలిసినవాళ్ళు చెప్పడంతో, వెళితే ఇప్పుడే వెళ్ళాలన్న ఆలోచన బలపడింది. డిసెంబరు మొదటి వారంలో గురువారం బయలుదేరి సోమవారం తిరిగి వచ్చేలా సెలవు దొరికింది. సరిగ్గా ఆ మధ్య శనివారమే మా పాపకు రెండేళ్ళు నిండుతాయి.

మా పాప మెలకువగా ఉన్నంతసేపూ ఒక్క చోట కూర్చునే రకం కాదు. సుమారు రెండున్నర గంటల ప్రయాణంలో ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలా, వేరే సీటు కొనాలా అన్నది నా మొదటి సందేహం. ఇంట్లో మధ్యాహ్నం ఒంటిగంటకు పడుకుని మూడింటికి లేచే అలవాటు ఉంది. ఆ నిద్ర తప్పిందంటే సాయంత్రమంతా చంక దిగదు, ఏడుపు ఆపదు. పార్కులో ఆ నిద్ర సంగతి ఏమి చేయాలి? మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులున్నాయి, ఎక్కువ దూరం నడవలేరు. అత్తయ్యగారు శాకాహారి, గుడ్డు కలిసినదేదీ ముట్టుకోరు. అక్కడున్న నాలుగు పార్కులూ చూసి రావాలని మావారి పట్టుదల, నాకేమో అది అయ్యే పనిగా కనిపించడం లేదు. చిన్నపిల్లలనూ పెద్దవాళ్ళనూ వెంటబెట్టుకుని వెళ్ళి వచ్చినవాళ్ళు వివరంగా రాస్తే మాకెంతో మేలు చేసినవారవుతారు.

చార్లెట్ నాన్న:

గుంటూరు కోడలు గారూ, ముందుగా టికెట్టు సంగతి తేల్చుకోండి, ఎందుకంటే మీరు విన్న మాట నిజమే గాని మీ తేదీలకు అది సగమే వర్తిస్తుంది. అమెరికా లోపలి విమానాల్లో రెండేళ్ళు నిండని బిడ్డను పెద్దవారి ఒళ్ళో ఉచితంగా తీసుకువెళ్ళవచ్చు. అయితే ఆ వయసును టికెట్టు కొన్న రోజున కాక ప్రయాణం చేసే రోజున లెక్కిస్తారు. గురువారం వెళ్ళేటప్పుడు మీ పాపకు ఇంకా రెండేళ్ళు నిండవు కాబట్టి చిక్కు లేదు. సోమవారం తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆమెకు సొంత టికెట్టు, సొంత సీటు ఉండి తీరాలి. ఇది చివరి నిమిషంలో కౌంటరు దగ్గర బయటపడితే ఆ రోజు ఎంత ధర ఉంటే అంతా కట్టవలసి వస్తుంది, అసలు సీటే మిగలకపోవచ్చు కూడా. వెళ్ళేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకునే పక్షంలో టికెట్టు కొనకపోయినా పాప పేరు మీ బుకింగులో చేర్చి ఉండాలి. వయసు రుజువు అడిగితే చూపించడానికి జనన ధ్రువపత్రం నకలు ఒకటి సంచిలో ఉంచుకోండి.

నన్ను అడిగితే వెళ్ళేటప్పుడు కూడా సీటు కొనమనే అంటాను. విమానంలో చిన్నపిల్లలకు పెద్దల ఒడి సురక్షితమైన చోటు కాదని, ఆమోదం పొందిన పిల్లల సీటులో పట్టీలు బిగించి కూర్చోబెట్టడమే క్షేమమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ గట్టిగా సిఫారసు చేస్తుంది. హఠాత్తుగా కుదుపు వచ్చినప్పుడు ఎంత బలమైన చేతులైనా బిడ్డను ఆపలేవన్నదే దానికి కారణం. ఆ మాట పక్కన పెట్టినా, ఒక్క చోట కూర్చోని పిల్లను రెండున్నర గంటలు ఒళ్ళో అదిమి పట్టుకోవడం కన్నా, రోజూ కారులో కూర్చునే సీటులోనే కూర్చోబెట్టడం సులువు. ఆ సీటులో కూర్చుంటే బెల్టు పెట్టుకోవాలన్న సంగతి పిల్లలకు అలవాటై ఉంటుంది కనుక పేచీ తక్కువ.

సీటు కొన్న తరువాత రెండు దారులున్నాయి. ఒకటి, మీ కారు సీటునే విమానంలోకి తీసుకువెళ్ళడం. దాని పక్కనో వెనుకనో అంటించిన కాగితం మీద, మోటారు వాహనాల్లోనూ విమానాల్లోనూ వాడడానికి ధ్రువీకరించినట్లు ఎర్ర అక్షరాలతో ఉండాలి. దాన్ని సాధారణంగా కిటికీ పక్క సీటులోనే బిగించనిస్తారు, అత్యవసర ద్వారం వరుసలో అసలు ఒప్పుకోరు. వెనక్కి తిరిగి ఉండేలా బిగిస్తే ముందు సీటు వెనక్కి వాలదు, కాబట్టి ఆ ముందు సీటులో మీవారినో మామయ్యగారినో కూర్చోబెడితే పరాయివాళ్ళతో మాట పట్టింపు ఉండదు. రెండోది కేర్స్ అనే పట్టీ. విమానం సీటుకు చుట్టి, దాని బెల్టుతో కలిపి బిగించే ఈ పట్టీ 22 నుంచి 44 పౌండ్ల బరువు, 40 అంగుళాల లోపు ఎత్తు ఉన్న పిల్లలకు ఎఫ్‌ఏఏ ఆమోదం పొందినది, చేతిసంచిలో ఒక మూల ఇమిడిపోతుంది. కాని అది కారులో పనికిరాదు. ఓర్లాండోలో దిగిన తరువాత మీరు ఎలాగూ కారో టాక్సీయో ఎక్కాలి, ఫ్లోరిడా చట్టం ప్రకారం చిన్నపిల్లలకు ప్రత్యేకమైన కారు సీటు ఉండాలి. కాబట్టి బరువైనా సరే కారు సీటునే మోసుకువెళ్ళడం నాకు నచ్చిన పద్ధతి.

పిల్లలను కూర్చోబెట్టి తోసుకుపోయే బండిని, అంటే స్ట్రోలర్‌ను, కారు సీటును దాదాపు అన్ని అమెరికా విమాన సంస్థలూ రుసుము లేకుండానే తీసుకుంటాయి. స్ట్రోలర్‌ను గేటు దాకా తోసుకుపోయి అక్కడ అప్పగించవచ్చు. ఒకసారి మేము అలా అప్పగించినది దిగేసరికి ముందు చక్రం విరిగి చేతికి వచ్చింది. విమానాశ్రయం దాటి బయటకు రాకముందే ఫొటో తీసి ఫిర్యాదు రాయించడం వల్ల బాగుచేయించిన ఖర్చు తిరిగి వచ్చింది. అందుకని అప్పగించే ముందు ఒక ఫొటో, తీసుకున్న వెంటనే చక్రాలన్నీ ఒకసారి తిప్పి చూసుకోవడం మంచిది. మీ స్ట్రోలర్ వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు మించితే డిస్నీ పార్కులోకి రానివ్వరు, పిల్లలను కూర్చోబెట్టి లాగే వ్యాగన్లు అసలే కుదరవు.

సెక్యూరిటీ దగ్గర పాప పాలు, మెత్తని ఆహారం, పండ్ల గుజ్జు పొట్లాలు, ద్రవాలకున్న 100 మిల్లీలీటర్ల పరిమితికి లోబడవు. అయితే వాటిని విడిగా తీసి, ఇవి పాపవని ముందే చెప్పాలి. పాలు చల్లగా ఉంచే మంచుగడ్డ సంచులు కూడా అనుమతిస్తారు. మీ అత్తమామలు తమ భారతీయ పాస్‌పోర్టులు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. 2025 మే 7 నుంచి పెద్దవాళ్ళ గుర్తింపు పత్రాల నిబంధన కఠినమైంది, విదేశీ పాస్‌పోర్టు మాత్రం చెల్లుతుంది. వారిద్దరిలో ఎవరికి చక్రాల కుర్చీ కావాలన్నా టికెట్టు కొన్నప్పుడే విమాన సంస్థకు చెప్పి పెట్టండి, దానికి రుసుము లేదు.

పిల్లలున్న కుటుంబాలను ముందుగా ఎక్కమని పిలిచినప్పుడు అందరూ కలిసి ఎక్కేయకండి. మీవారు కారు సీటు పట్టుకుని ముందు వెళ్ళి బిగిస్తారు, మీరు పాపను గేటు దగ్గర ఆఖరి పిలుపు దాకా పరుగులు పెట్టనివ్వండి. తలుపు మూయకముందు విమానంలో గడిపే ఆ అరగంటే పిల్లలకు అన్నిటికన్నా విసుగు. దిగే ముందు అరగంట నుంచి గాలి ఒత్తిడి మారి చెవులు నొప్పెడతాయి కాబట్టి పాలో నీళ్ళో అప్పటికి దాచిపెట్టి, గుటకలు వేసేలా కొద్దికొద్దిగా తాగించండి. నిద్రపుచ్చడానికి అలర్జీ మందు పట్టించమని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి చోటా తగులుతారు. పిల్లలను నిద్రపుచ్చడానికి వాడరాదని ఆ మందు పెట్టె మీదే రాసి ఉంటుంది, కొంతమంది పిల్లలు దానితో నిద్రపోకపోగా మరింత రెచ్చిపోతారు.

ఓపికున్న తాతయ్య:

అమ్మాయీ, నా మాట కొంచెం కటువుగా ఉంటే ఏమీ అనుకోకు. పాపకు టికెట్టు అక్కర్లేదు గనుక ఇప్పుడే వెళ్ళాలన్న లెక్క నాకు నిలబడేదిగా కనిపించడం లేదు. డిస్నీ వరల్డ్‌లో పదేళ్ళు దాటిన ప్రతివారికీ పెద్దల టికెట్టే, వృద్ధులకని తగ్గింపు ఏమీ లేదు. ఒక్క రోజు టికెట్టు ఎంత తక్కువలో చూసినా వంద డాలర్లు దాటుతుంది, రద్దీ తేదీల్లో ఇంకా పెరుగుతుంది. నాలుగు పార్కులంటే నలుగురు పెద్దవాళ్ళకు నాలుగేసి రోజుల టికెట్లు. దాని ముందు పాపకు మిగిలే టికెట్టు ఏపాటిది?

పాప సంగతే చూసుకుంటే నాలుగేళ్ళు నిండాక తీసుకువెళ్ళడం మేలు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్, స్లింకీ డాగ్ అనే సవారీలకు 38 అంగుళాల ఎత్తు ఉండాలి, రెండేళ్ళ పిల్ల ఆ దరిదాపుల్లో ఉండదు. ఇప్పుడు చూసినది తరువాత ఏదీ గుర్తుండదు కూడా. ఇప్పుడు వెళ్ళడానికి నాకు కనిపించే అసలైన కారణం మీ అత్తమామలు. వారికి మళ్ళీ వీసా, మళ్ళీ ఇరవై గంటల ప్రయాణం, అప్పటికి మోకాళ్ళు ఎలా ఉంటాయో! కాబట్టి ఇది వారి కోసం వేసుకున్న ప్రయాణమని, పాప వెంట వస్తుందని అనుకోండి. అలా అనుకుంటే నాలుగు పార్కులు అక్కర్లేదని మీ ఆయనకు కూడా తోస్తుంది. ఆరుపదులు దాటినవాళ్ళకు వరసగా రెండు రోజులు పార్కులో తిరగడమే గగనం. ఒక రోజు పార్కు, మరునాడు విశ్రాంతి, ఆపైన ఇంకో పార్కు చాలు.

టాంపా వాసి:

తాతయ్యగారి లెక్కతో నేను ఏకీభవిస్తాను గాని, రెండేళ్ళ పిల్లకు అక్కడ చేయడానికేమీ లేదన్నట్లు ధ్వనించిన మాటతో కాదు. ఆ నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఎత్తు పరిమితి లేని సవారీలు చాలానే ఉన్నాయి. డంబో ఏనుగులు, రంగులరాట్నం, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవ, విన్నీ ద పూ, పీటర్ పాన్, లిటిల్ మెర్మెయిడ్ అన్నిటికీ పాపను ఒళ్ళోనో పక్కనో కూర్చోబెట్టుకుని వెళ్ళవచ్చు. యానిమల్ కింగ్‌డమ్‌లో కిలిమంజారో సఫారీకి కూడా పరిమితి లేదు. జిరాఫీలు, ఏనుగులు బండికి కొద్ది దూరంలోనే కనిపిస్తాయి. పాపకూ, మామయ్యగారికీ, మీకూ ఒకేసారి నచ్చేది ఏదైనా ఉందంటే అదే. అయితే బండి బాగా కుదుపుతుంది, నడుము నొప్పి ఉన్నవాళ్ళు మధ్య వరుసలో కూర్చోవడం మంచిది. అదే పార్కులో మహారాజా జంగిల్ ట్రెక్ అనే కాలిబాటలో అద్దాల వెనుక పెద్దపులులను తీరిగ్గా చూడవచ్చు, ఆ బాటలో చక్రాల కుర్చీ సాఫీగా పోతుంది.

మీరు అడిగిన నిద్ర సంగతే ఈ ప్రయాణమంతటికీ కీలకం, దాన్ని గడియారంతో కలిపి చూడండి. ఓర్లాండో సమయం డల్లాస్ కన్నా ఒక గంట ముందుంటుంది. మీ పాప ఇంట్లో పడుకునే ఒంటిగంట అక్కడి రెండు గంటలు. అంటే ఉదయం తొమ్మిదింటికి పార్కులో అడుగుపెట్టి, పన్నెండుకల్లా అన్నం పెట్టి, ఒంటిగంటకు గేటు దాటితే సరిగ్గా నిద్రవేళకు గదికి చేరతారు. నాలుగింటికి లేస్తుంది. రాత్రి ఎనిమిదింటికి పడుకునే పిల్ల అయితే అక్కడ తొమ్మిది దాకా హుషారుగానే ఉంటుంది, కాబట్టి రాత్రి బాణసంచా చూడడానికి ఈ గంట తేడా మీకు కలిసి వస్తుంది. పొద్దున్నే తలుపులు తీసేసరికి అక్కడ ఉండాలని మాత్రం ఆశపడకండి. అక్కడి ఏడు గంటలంటే మీ పాపకు ఆరు గంటలు, నిద్రమత్తులో లేపి తీసుకుపోతే పదకొండుకే పేచీ మొదలవుతుంది.

స్ట్రోలర్‌లోనే పడుకుంటుందిలే అని చాలామంది పార్కులోనే ఉండిపోతారు. కొందరు పిల్లలు పడుకుంటారు కూడా. కాని ఊరేగింపు డప్పులు, పక్క పిల్లల కేకలు, ఎండ మారిన ప్రతిసారీ కప్పిన దుప్పటి సర్దడం, వీటి మధ్య రెండు గంటల నిద్ర ముప్పావుగంటతో ముగుస్తుంది, మామయ్యగారికి అదీ ఉండదు. కాబట్టి మధ్యాహ్నం గదికి తిరిగి వెళ్ళగలిగే చోట బస చేయండి. దీనికి ఒక చిక్కుంది. మ్యాజిక్ కింగ్‌డమ్ కారు పార్కింగ్ పార్కు పక్కన ఉండదు. కారు ఆపిన తరువాత మోనోరైలో ఫెర్రీయో ఎక్కి సరస్సు అవతలికి వెళ్ళాలి, గేటు చేరడానికి అరగంట పైనే పడుతుంది, తిరిగి వచ్చేటప్పుడూ అంతే. డిస్నీ హోటళ్ళ బస్సులు నేరుగా గేటు దగ్గర దింపుతాయి గాని వాటిలో స్ట్రోలర్ మడవవలసి రావచ్చు, అప్పుడు నిద్రపోతున్న పాపను చంకనెత్తుకుని ఇంకో చేత్తో స్ట్రోలర్ మడవాలి. మోనోరైలులోనూ ఫెర్రీలోనూ మడవనక్కర్లేదు.

పార్కుల్లో శిశు సంరక్షణ కేంద్రాలున్నాయని చాలామందికి తెలియదు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అది మెయిన్ స్ట్రీట్ చివర క్రిస్టల్ ప్యాలెస్ అనే భోజనశాల పక్కన ఉంటుంది. డైపరు మార్చే బల్లలు, పాలిచ్చే గదులు, చిన్నపిల్లల కుర్చీలు, మైక్రోవేవ్ ఉన్న చిన్న వంటగది ఉంటాయి. డైపర్లు, పాలపొడి అయిపోతే అక్కడే కొనుక్కోవచ్చు. జనంలో తప్పిపోయిన పిల్లలను సిబ్బంది తీసుకువచ్చి అప్పగించేది కూడా అక్కడికే. పాప చొక్కా లోపల మీ ఫోను నంబరు రాసిన పట్టీ అంటించడం అవసరం. అత్తమామల ఫోన్లలో అమెరికా నంబరు పనిచేస్తోందో లేదో బయలుదేరే ముందే చూసుకోవాలి.

ఇంకొన్ని సంగతులు. మిక్కీ, మిన్నీ వేషాలు టీవీలో ఉన్నంత చిన్నవి కావు. మనిషి ఎత్తు ఎలుక ఎదురుగా వచ్చేసరికి రెండేళ్ళ పిల్లలు బెదిరిపోవడం మామూలే. ఫొటో కోసం చేతికి అందించకుండా, దూరం నుంచి చేయి ఊపించి, పాప తనంతట తాను ముందుకు అడుగు వేస్తేనే దగ్గరకు తీసుకువెళ్ళండి. బాణసంచా చప్పుడుకు చెవులు కప్పే పిల్లల ఇయర్‌మఫ్‌లు పట్టుకెళ్ళండి. డిసెంబరులో పగలు మన శీతాకాలంలా హాయిగా ఉన్నా రాత్రి చలి ఉంటుంది, పాపకన్నా ముందు మీ అత్తయ్యగారికి శాలువా కావాలి. నవంబరు, డిసెంబరు నెలల్లో కొన్ని రాత్రులు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో విడిగా టికెట్టు కొనే క్రిస్మస్ వేడుక ఉంటుంది. ఆ రోజుల్లో మామూలు టికెట్టు ఉన్నవాళ్ళను సాయంత్రం ఆరింటికి బయటకు పంపేస్తారు. మీరు రాత్రి బాణసంచా చూడాలంటే వేడుక లేని రోజు ఎంచుకోవాలి. మధ్యాహ్నానికే వెళ్ళిపోయి తిరిగి రాకపోతే వేడుక ఉన్న రోజే నయం, పగలు జనం కాస్త పలుచగా ఉంటారు.

పెద్ద సవారీలు ఎక్కాలని మీవారికి ఉంటే రైడర్ స్విచ్ అనే సదుపాయం ఉంది. పాపను ఒకరు చూసుకుంటుండగా ఇంకొకరు వెళ్ళి వస్తారు, తరువాత రెండోవారు మళ్ళీ మొదటి నుంచి వరుసలో నిలబడకుండా వెళ్ళవచ్చు. మీ విషయంలో దాని అవసరం కూడా పడకపోవచ్చు. పాప మీ అత్తమామలకు చేరిక అయితే, వారు నీడలో బల్ల మీద కూర్చుని చూసుకుంటుంటే మీరిద్దరూ కలిసే వెళ్ళి రావచ్చు. డబ్బు కట్టి పొట్టి వరుసలో వెళ్ళే లైట్నింగ్ లేన్ కొనాలా అని ఎవరైనా అడుగుతారు. సగం రోజు ఉండి చిన్న సవారీలు ఎక్కే కుటుంబానికి నా దృష్టిలో అది దండగ.

గుంటూరు కోడలు:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. తిరుగు ప్రయాణానికి పాపకు టికెట్టు తప్పనిసరి అన్న సంగతి మాకు అసలు తెలియదు. విమాన సంస్థకు ఫోను చేస్తే వాళ్ళూ అదే చెప్పారు, రెండువైపులా సీటు కొన్నాము. తాతయ్యగారి జాబు మావారికి చదివి వినిపించాను. నాలుగు పార్కుల మాట రెండుకు దిగింది: శుక్రవారం యానిమల్ కింగ్‌డమ్, శనివారం పుట్టినరోజు నాడు విశ్రాంతి, ఆదివారం మ్యాజిక్ కింగ్‌డమ్. ఇక మిగిలింది బస, భోజనం. ఓర్లాండో పక్కనున్న కిసిమీలో వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే అత్తయ్యగారే వండుతానంటున్నారు. హోటలు కన్నా అది మేలా? పార్కులోకి ఇంటి అన్నం తీసుకువెళ్ళనిస్తారా?

వంటిల్లు:

అమ్మా, తీసుకువెళ్ళనిస్తారు. మీ సొంతానికి తెచ్చుకున్న ఆహారం వేడి చేయనక్కర్లేనిదై, గాజు పాత్రల్లో లేనిదై ఉంటే గేటు దగ్గర అభ్యంతరం ఉండదు. పసిపిల్లల ఆహారం సీసాలకు మాత్రం గాజు మినహాయింపు ఉంది. పులిహోర, దద్ధ్యోజనం, చపాతీలు స్టీలు డబ్బాలో నిక్షేపంగా వెళతాయి. దద్ధ్యోజనానికి పాలు ఎక్కువ పోసి కొద్దిగా పెరుగు తోడు కలిపితే మధ్యాహ్నానికి పులవకుండా ఉంటుంది, అత్తయ్యగారికి ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. పాప అన్నం వేడి చేయాలంటే పైన చెప్పిన శిశు సంరక్షణ కేంద్రంలో మైక్రోవేవ్ ఉంది. మంచినీళ్ళకు డబ్బు పెట్టకండి, కూల్‌డ్రింకులు పోసి ఇచ్చే ఏ కౌంటరులో అడిగినా మంచు వేసిన నీళ్ళు ఉచితంగా ఇస్తారు.

బస విషయంలో నా మాట కొంత అటూ ఇటూగా ఉంటుంది. అద్దె ఇంట్లో కుక్కర్ పెట్టుకుని నాలుగు కూరలు వండుకోవచ్చు, పాపను వేరే గదిలో పడుకోబెట్టవచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు. కాని కిసిమీ నుంచి పార్కుకు కారు ప్రయాణం, పార్కింగ్, మోనోరైలు అన్నీ కలిపితే మధ్యాహ్నం ఇంటికి వచ్చి మళ్ళీ సాయంత్రం వెళ్ళడం జరగని పని. టాంపా వాసి గారు చెప్పిన నిద్ర పద్ధతి పాటించాలంటే డిస్నీ హోటలే దగ్గర. ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ అనే డిస్నీ హోటలులో ఆరుగురు పట్టే కుటుంబ గదులున్నాయి. వాటిలో రెండు స్నానాల గదులు, చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటాయి, పాపకు మడత ఊయల మంచం అడిగితే ఉచితంగా ఇస్తారు. పొయ్యి మాత్రం ఉండదు. ఇద్దరు పెద్దవాళ్ళతో రెండు స్నానాల గదులు ఉండడం ఎంత సుఖమో పొద్దున తొమ్మిదింటికి పార్కులో ఉండవలసిన రోజున తెలుస్తుంది. నేనైతే ఈ గది తీసుకుని, పెద్ద వంట ఆశ వదులుకుని, పులిహోర పొడి, అటుకులు, చపాతీలు, పప్పుపొడి పట్టుకెళతాను. మీ అత్తయ్యగారు మూడు పూటలా వండడానికి కాదు కదా ఓర్లాండో వెళుతున్నది!

గుడ్డు సంగతి. డిస్నీ మెనూల్లో కొన్ని వంటకాల పక్కన ఆకు గుర్తు ఉంటుంది. మాంసం, పాలు, గుడ్డు, తేనె ఏవీ లేకుండా చేసినదని దాని అర్థం. అత్తయ్యగారికి ఆ గుర్తు చూపించండి, ప్రతి చోటా అడగనక్కర లేకుండా ఆమే చూసుకోగలరు. పాలు, పెరుగు తింటారు గనుక ఆకు గుర్తు లేనివి కూడా కొన్ని కుదురుతాయి, వాటికి మాత్రం గుడ్డు అలర్జీ ఉన్నవారి మెనూ ఇమ్మని అడిగి చూసుకోవాలి. శనివారం విశ్రాంతి రోజున కారు వేసుకుని యానిమల్ కింగ్‌డమ్ లాడ్జిలోని సనా అనే భోజనశాలకు వెళ్ళండి. ఆఫ్రికా వంటకు మన మసాలాలు కలిపి వండే చోటు అది. నాన్ వంటి రొట్టెలు, వాటిలో అద్దుకోవడానికి రకరకాల చట్నీలు ఒకే పళ్ళెంలో తెస్తారు, కిటికీ అవతల మైదానంలో జిరాఫీలు మేస్తుంటాయి. నాన్ పిండిలో ఏమి కలుపుతారో వంటవాళ్ళను పిలిచి అడగండి, చక్కగా బయటకు వచ్చి చెబుతారు. అక్కడ రద్దీ ఎక్కువ, 60 రోజుల ముందే బల్ల కేటాయించుకునే వీలుంది కాబట్టి ఇప్పుడే చూసుకోండి. అది దొరికితే పాప పుట్టినరోజు భోజనం పార్కు టికెట్టు లేకుండానే జరిగిపోతుంది.

విమానంలో పులిహోర, చపాతీలు చేతిసంచిలో వెళతాయి. పెరుగు పాప కోసమైతే సెక్యూరిటీ వాళ్ళకు చెప్పి తీసుకువెళ్ళండి. ఆవకాయ సీసా మాత్రం చెక్-ఇన్ పెట్టెలో, ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, రెండు కవర్లు చుట్టి పెట్టండి. చేతిసంచిలో పెడితే దాన్ని ద్రవంగా లెక్కగట్టి అక్కడే పారవేయిస్తారు.